పెంకుటింటి నమూనాకు కప్పు వేయాలంటే చూరు దగ్గర మొదలుపెట్టండి

నకిరేకల్ దగ్గరి ఒక ఊరి బడి నుంచి టీచరమ్మ అడిగిన ప్రశ్న ఇది. ఎనిమిదో తరగతి పిల్లలతో ఊళ్లోని పాత ఇళ్ల నమూనాలు చేయిస్తున్నారు. గోడలు అట్టతో బాగానే వచ్చాయి, కప్పు దగ్గరే పని ఆగిపోయింది. థర్మాకోల్ మీద గీతలు గీసి ఎర్రరంగు వేస్తే బొమ్మలా కనిపిస్తోంది. స్ప్రే రంగు కొడితే థర్మాకోలే కరిగి గుంతలు పడింది. సామాను కొనకుండా, ఇంట్లో పారేసే వాటితోనే నిజం కప్పులా చేయడం ఎలా అని ఆమె అడిగారు.

అమ్మా, మా నాయన ఇళ్లు కప్పే పని చేసేవాడు. వానలు మొదలయ్యే మిరుగం కార్తె రాకముందే ఊరూరా తిరిగి గూన, అంటే సగం గొట్టంలా ఉండే మట్టి పెంకు, సర్దేవాడు. నేను నిచ్చెన కింద నిలబడి గూనలు అందించేవాడిని. తర్వాత నల్లగొండలో ఫొటో ఫ్రేముల దుకాణం పెట్టుకున్నాను. ఇరవై ఏళ్లకు పైగా తీరిక దొరికినప్పుడల్లా ఈ నమూనా ఇళ్లే చేస్తున్నాను. తెలిసిందంతా రాస్తున్నాను కాబట్టి కొంచెం పొడవవుతుంది.

ముందు థర్మాకోల్ సంగతి. స్ప్రే డబ్బాలో ఉండే ద్రావకం థర్మాకోల్‌ను కరిగిస్తుంది. అది రంగు తప్పు కాదు, మీ తప్పూ కాదు. నీళ్లతో కలిపే రంగైతే కరగదు. కానీ కప్పుకు థర్మాకోలే వద్దంటాను. దాని మీద గీసిన గీత గీతలాగే ఉంటుంది, పెంకుకు ఉండే అంచు, ఆ అంచు కింద పడే నీడ రావు. కంటికి కప్పు నిజంగా అనిపించేది ఆ నీడ వల్లే.

మా నాయన దగ్గర నేర్చుకున్నది ఒకటే ముక్క: కప్పు వేసేటప్పుడు వాననీళ్లు ఎటు పోతాయో చూసుకుంటూ వేయాలి. అందుకే అసలు ఇంటికి చూరు దగ్గర మొదలుపెట్టి, రెండు వాలులూ పైన కలిసే వెన్ను దాకా పోతారు. పై వరస కింది వరస మీద ఎక్కి కూర్చుంటుంది. నమూనాకూ అదే క్రమం పాటించండి. పై నుంచి కిందికి అంటించిన కప్పులో ప్రతి పెంకూ తలకిందులుగా ఎక్కి ఉంటుంది. చూసేవాళ్లకు ఎక్కడ తేడా ఉందో చెప్పడం రాకపోయినా, ఏదో తేడా ఉందని మాత్రం తెలిసిపోతుంది.

ఇక కొలతలు. పిల్లలకు 1:24 స్కేలు సులువు, అడుగుకు అరంగుళం లెక్క. 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు ఉన్న ఇల్లు ఈ స్కేలులో 25 సెం.మీ. పొడవు, దాదాపు 16.7 సెం.మీ. వెడల్పు అవుతుంది. పెంకుటింటికి వాలు 30 డిగ్రీలు పెట్టుకుందాం. అప్పుడు గోడ మీద నుంచి వెన్ను ఎత్తు 4.8 సెం.మీ., ఒక్కో వాలు పొడవు 9.6 సెం.మీ. వస్తుంది. చూరు కోసం ఇంకో 2 సెం.మీ. కలపండి. చూరు పొట్టిగా ఉంటే పాత ఇంటి పోలికే రాదు. మట్టి గోడ వానకు కరగకుండా కాపాడేది ఆ చూరే కదా, మన వైపు దాన్ని బాగా ముందుకు దించేవాళ్లు. రేకుల ఇంటికి వాలు 10, 15 డిగ్రీలు చాలు. గుడిసెకు 45 దాకా నిలబెట్టాలి. ఒకే ఊరి నమూనాలో ఈ మూడు వాలులూ వేరువేరుగా కనిపిస్తే సగం పని అయిపోయినట్టే.

సులువైన రేకులతో మొదలుపెడదాం. పార్సిళ్లు వచ్చే అట్టపెట్టెలో రెండు కాగితాల మధ్య అలలుగా ఉండే పొర ఉంటుంది. అదే మన రేకు. అయితే ఏ అట్ట పడితే అది పనికిరాదు. సిమెంటు రేకులో ఒక అల నుంచి ఇంకో అలకు దూరం 146 మి.మీ. ఉంటుంది. 1:24లో అది 6 మి.మీ. అవుతుంది. మామూలు సన్నరకం పార్సిల్ అట్టలో అలల దూరం సరిగ్గా ఆ దగ్గరే ఉంటుంది. ఇనుప రేకు అల 76 మి.మీ., మన స్కేలులో 3 మి.మీ. పైన. పిజ్జా పెట్టెలకు, చిన్న వస్తువుల పెట్టెలకు వాడే పల్చటి అట్టలో అలలు ఆ కొలతకు వస్తాయి. కొలిచేటప్పుడు ఒక్క అలను కొలవకండి, తప్పు పోతుంది. పది అలలు కలిపి కొలవండి. 6 సెం.మీ. చుట్టుపక్కల వస్తే సిమెంటు రేకుకు, 3 సెం.మీ. పైన కొంచెం వస్తే ఇనుప రేకుకు పక్కన పెట్టండి. 8 సెం.మీ. దగ్గరకు వచ్చే మందం అట్టను ఈ స్కేలుకు వాడొద్దు. రేకు మందం కూడా దీంతో కలిసొస్తుంది. అసలు సిమెంటు రేకు మందం 6 మి.మీ., 1:24లో పావు మిల్లీమీటరు. అలల పొర కాగితం దాదాపు అంతే మందంగా ఉంటుంది.

పై కాగితం ఊడదీయడానికి అట్టను నీళ్లలో ముంచకండి, అలలు అణిగిపోతాయి. తీయాల్సిన వైపు తడిబట్ట పరిచి పది నిమిషాలు ఉంచండి. అట్టలకు వాడేది పిండి జిగురు కాబట్టి తడికి వదులుతుంది. మూల పట్టుకుని నిదానంగా లాగితే వచ్చేస్తుంది. నీడలో ఆరబెట్టండి. కింది కాగితం ఉండనివ్వండి, అది ఉంటేనే రేకు నిలుస్తుంది. ఒక్క చూరు అంచున మాత్రం ఒక సెంటీమీటరు మేర కింది కాగితం కూడా తీసేయండి. లేకపోతే ముందు నుంచి చూసినప్పుడు అలల కింద గీత గీసినట్టు కాగితం అంచు కనిపించి గుట్టు బయటపడుతుంది.

మొత్తం వాలుకు ఒకే ముక్క వేస్తే బాగుండదు. అసలు సిమెంటు రేకు వెడల్పు 1.05 మీటర్లు, మనకు 4.4 సెం.మీ. అలా ముక్కలు కోసి, పక్క రేకు మీద ఒక అల ఎక్కేలా, కింది రేకు మీద 6 మి.మీ. ఎక్కేలా అంటించండి. ఇక్కడా చూరు నుంచే మొదలు. రేకు బిగించే కొక్కేల బోల్టులు అల ఎత్తు మీదే ఉంటాయి, పల్లంలో ఉండవు. పల్లంలో కన్నం పెడితే నీళ్లు ఇంట్లోకే కదా! గుండుసూది తలను అల ఎత్తు మీద గుచ్చి, దాని కింద నుంచి సన్నటి తుప్పు చార గీస్తే చాలు. రేకుల మీద రెండు మూడు రాళ్లు, సైకిలు ట్యూబు ముక్కతో చేసిన పాత టైరు పెడితే మన ఊరి ఇల్లే.

ఒక జాగ్రత్త చెప్పాలి. నిజం రేకులా ఉండాలని పాత సిమెంటు రేకు ముక్క తెచ్చి అరగదీయడం, ఆ పొడి చల్లడం అసలు చేయొద్దు. ఆ పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. దాని నూగు ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ల తర్వాత పెద్ద జబ్బులు చేస్తుంది. పిల్లల చేతికి అసలే ఇవ్వకండి. సున్నపుపొడి, పొయ్యి బూడిద కలిపితే ఆ బూడిదరంగు వస్తుంది.

ఇనుప రేకు బాగా పల్చగా కనిపించాలంటే హోటల్ పార్సిల్ అల్యూమినియం డబ్బా అడుగు భాగం తీసుకోండి. కూల్‌డ్రింక్ డబ్బా కన్నా ఇది మెత్తన, వేళ్లు కోసుకుపోయే భయమూ తక్కువ. మెకానిక్ షెడ్డులో పాత బోల్టు అడగండి, తల కాదు, మర ఉన్న కాడ 24 మి.మీ. లావుండాలి. మామూలు రకంలో దాని మరల దూరం 3 మి.మీ. ఉంటుంది, ఇనుప రేకు అలకు దగ్గర. రబ్బరు చెప్పు మీద రేకు పరిచి బోల్టును గట్టిగా నొక్కుతూ దొర్లిస్తే వరసగా గాళ్లు పడతాయి. మర మెలి తిరిగి ఉంటుంది కాబట్టి గీతలు రెండు డిగ్రీల దాకా వాలుగా వస్తాయి. కాబట్టి ముక్క కోసేటప్పుడు రేకు అంచును చూడకుండా ఆ గీతను పట్టుకుని కోయండి. రంగు పట్టాలంటే ముందు సన్న గరుకు కాగితంతో రుద్ది, సబ్బునీళ్లతో కడగాలి.

ఇక గూన. నాకు ఇష్టమైనదీ, మీ పిల్లలకు ఎక్కువ పని పెట్టేదీ ఇదే.

కుమ్మరి గూనను సారె మీద గొట్టంలా తీస్తాడు, ఒక చివర కొంచెం వెడల్పు, ఇంకో చివర కొంచెం ఇరుకు. పచ్చి మీదే దాన్ని నిలువునా రెండుగా చీల్చి ఆరబెట్టి కాలుస్తాడు. మనమూ అచ్చం అలాగే చేద్దాం. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు నిషేధం కాబట్టి ఇప్పుడు జ్యూస్ ప్యాకెట్లకు కాగితం స్ట్రాలు వస్తున్నాయి. 5 మి.మీ. లావున్నవి ఏరుకోండి. లేదా నోటు పుస్తకాలకు అట్టలు వేసే ఖాకీ కాగితాన్ని, నీళ్లు కలిపిన ఫెవికాల్ రాసి, అంతే లావున్న చువ్వకు రెండు చుట్లు చుట్టండి. ఆరాక చువ్వ లాగేయండి. నాకైతే ఖాకీ కాగితమే నచ్చుతుంది. అంచు పల్చగా వస్తుంది, రంగు చెక్కుకుపోయినా లోపల మట్టిరంగే కనిపిస్తుంది.

మా ఇంటి గూన జానెడు పొడవుండేది. 1:24లో అది 9 మి.మీ. ఆ పొడవుకు గొట్టాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కను నిలువునా రెండుగా చీల్చండి. కొంచెం తడి మీద ఉన్నప్పుడే ఒక చివరను రెండు వేళ్లతో నొక్కితే అటు ఇరుకవుతుంది.

గూన కప్పులో రెండు పొరలుంటాయి. కింద వెల్లకిలా పరిచిన గూన నీళ్లు పోయే కాలువ. రెండు కాలువల మధ్య సందును కప్పుతూ బోర్లా పెట్టేది పై గూన. వెల్లకిలా గూనకు ఇరుకు చివర చూరు వైపు ఉండాలి, అప్పుడే అది కింది గూన వెడల్పు నోట్లో కూర్చుంటుంది. బోర్లా గూనకు దీనికి ఎదురు, వెడల్పు చివర చూరు వైపు. చిన్నప్పుడు నేను ఇది తప్పు అందిస్తే నాయన పై నుంచే కసిరేవాడు. ఒక్క గూన తిరగబడినా నీళ్లు అక్కడే ఆగి ఇంట్లోకి దిగుతాయి.

నమూనాకు రెండు పొరలూ గూనలతోనే వేయాలంటే మూడు వేలు కావాలి. పిల్లలు విసిగిపోతారు. దానికి నా ఉపాయం ఇది. ఇందాకటి 6 మి.మీ. అలల అట్టను, పై కాగితం తీసి, అలలు వెన్ను నుంచి చూరు వైపు పోయేలా వాలు మీద అంటించండి. దాని పల్లాలే వెల్లకిలా గూనలు. ఎత్తుల మీద మాత్రం బోర్లా గూనలు అంటించుకుంటూ పోండి, ఒక్కోటి కింది దాని మీద 2.5 మి.మీ. ఎక్కేలా. మీ 25 సెం.మీ. ఇంటికి ఒక వాలు మీద సుమారు 40 నిలువు వరసలు, ఒక్కో వరసలో 18 గూనలు పడతాయి. రెండు వాలులకు కలిపి 1,500 దగ్గర. ముప్పై మంది పిల్లలుంటే తలా యాభై. 15 సెం.మీ. స్ట్రా ఒకటి 32 గూనలిస్తుంది, అంటే యాభై స్ట్రాలు చాలు. చూరు చివరి వరసలో మాత్రం వెల్లకిలా గూనలు కూడా నిజంగానే పెట్టండి, ముందు నుంచి చూసే కన్ను అక్కడే ఆగుతుంది.

అంటించేటప్పుడు స్కేలు పెట్టి గీత కొట్టినట్టు పెట్టొద్దు. ఊళ్లలో గూన ఇళ్లు కొత్తలోనే ఆ తీరున ఉండేవి. ఇప్పుడు కోతులు ఎక్కి దుంకితే పెంకులన్నీ చెదిరిపోతున్నాయి. ఆ బాధకే చాలామంది గూన దించి రేకులు వేయించుకున్నారు. అందుకని అక్కడక్కడ ఒక గూనను పక్కకు జరపండి, ఒకటి రెండు చోట్ల విరిగిన ముక్క పెట్టండి, ఒక చోట గూన లేకుండా కింద పల్లం కనపడనివ్వండి. వెన్ను కూడా నడుమ 2 మి.మీ. కిందికి వంగాలి. పాత దూలం బరువుకు అలాగే వంగుతుంది. చూరు కింద నుంచి వాసాల చివరలు కనిపించాలి. అసలు వాసం మూడంగుళాలుంటే మనకు 3 మి.మీ. పుల్ల కావాలి. అగరుబత్తి పుల్లలు మరీ సన్నం కాబట్టి వెదురు పుల్లలు దొరికితే మంచిది. వెన్ను మీద కొంచెం వెడల్పు గూనలు బోర్లించి, సందుల్లో చాక్‌పీసు పొడి, ఫెవికాల్ కలిపిన ముద్ద పెట్టండి. సున్నం గచ్చులా ఉంటుంది.

బెంగుళూరు పెంకు దీనికన్నా తొందరగా అవుతుంది. మనం అలా పిలుస్తాం గానీ దాని పుట్టిల్లు మంగళూరు. బాసెల్ మిషన్ వాళ్లు 1865లో అక్కడ పెంకుల కార్ఖానా పెట్టారు. పెంకు పొడవు 41 సెం.మీ., వెడల్పు 23.5 సెం.మీ. ఉంటుంది, మన స్కేలులో 17 మి.మీ., 10 మి.మీ. దీనికి పాత శుభలేఖలు వాడండి. ఆ అట్ట మందం సరిపోతుంది, ప్రతి ఇంట్లో కట్టలు కట్టలుగా ఉంటాయి. 17 మి.మీ. వెడల్పు పట్టీలు కోసి, సిరా అయిపోయిన పెన్నుతో వెనక నుంచి నొక్కి పెంకు గాళ్లు, నడిమి గట్టు తేవాలి. 9 మి.మీ.కు ఒక పెంకు అనుకుని అడుగు అంచులో చిన్న గాటు పెట్టండి. ఒక్కో పట్టీ కింది దాని మీద 4 మి.మీ. ఎక్కాలి. వాలుకు తొమ్మిది పట్టీలు చాలు. గాట్ల దగ్గర కొన్ని పెంకుల మూలలు గోటితో పైకి లేపండి, లేకపోతే పట్టీ పట్టీగానే కనిపిస్తుంది.

గుడిసెకు తాటికమ్మ కావాలంటే పాత తాటాకు విసనకర్ర ఒకటి చాలు. సన్నగా చీల్చి, 4 సెం.మీ. చిన్న విసనకర్రల్లా కత్తిరించి, చూరు నుంచి పైకి ఎక్కించుకుంటూ పోండి. వరిగడ్డి కప్పుకైతే గోనెసంచి దారాలు విప్పి 3 సెం.మీ. ముక్కలు చేసి వరసలుగా అంటించండి. చూరు అంచును కత్తెరతో మరీ సాపు చేయొద్దు. పాలమూరు వైపు మట్టి మిద్దెలు చేసే పిల్లలుంటే వాళ్లకు ఈ కష్టమే లేదు. పుల్లలతో దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు పేర్చి, పైన అట్ట, దాని మీద జల్లించిన మట్టిని ఫెవికాల్ నీళ్లతో మెత్తాలి. అసలు మిద్దె మీద చౌడుమన్ను వేస్తారు, నీళ్లు దిగకుండా అది పట్టేస్తుంది. మిద్దె పూర్తిగా సమతలం కాకుండా తూము వైపు రవ్వంత వాలు ఉండనివ్వండి.

జిగురు గురించి ఒక మాట. ఖర్చు తగ్గుతుందని మైదా ఉడికించి వాడతారు. నేను మొదట్లో మైదాతో చేసిన ఒక ఇంటిని ఒక్క వానాకాలంలోనే పురుగులు, బొద్దింకలు కొరికి కప్పంతా పొడి చేశాయి. నెల రోజుల పని, చాలా బాధపడ్డాను. పాత రోజుల్లో పుస్తకాలు కుట్టేవాళ్లు ఆ పిండిలో మైలుతుత్తం కలిపేవాళ్లు. అది విషం, బడిలో వద్దు. ఒక పాలు ఫెవికాల్‌కు మూడు పాళ్లు నీళ్లు కలుపుకోండి. అదే నీళ్లను రంగు వేసే ముందు కప్పుకు పైనా, లోపలా రెండు వైపులా పూయండి. ఒక్క వైపే తడిపితే అట్ట ఆరేటప్పుడు మెలి తిరిగిపోతుంది.

రంగుకు ఎర్రజాజు పొడి వాడండి. మన గోడలకు, గడపలకు పూసే ఆ జాజు గూన రంగుకు చాలా దగ్గర. ఫెవికాల్ నీళ్లలో కలిపి మూడు గిన్నెల్లో పోయండి. ఒకటి అలాగే ఉంచి, ఒకదాంట్లో దీపం మసి, ఇంకోదాంట్లో చాక్‌పీసు పొడి కొంచెం కొంచెం కలపండి. పది గూనల్లో ఏడు మామూలువి, రెండు నల్లవి, ఒకటి తెల్లబారినది. ఆరాక బాగా పలచని మసి నీళ్లు మొత్తం మీద పూస్తే అవి సందుల్లోకి దిగి నిలుస్తాయి. తర్వాత లేత ఎరుపు ముంచిన బ్రష్షును గుడ్డకు తుడిచేసి, దాదాపు పొడిగా ఉన్నప్పుడు పెంకు అంచుల మీద తాకించండి. పొయ్యి ఉండే అర్ర మీద నలుపు ఎక్కువ ఉండాలి. ఉత్తరం వాలుకు ఎండ తక్కువ కాబట్టి పాచి మరకలు అటే ఎక్కువ పెట్టండి.

తుప్పుకు నిజం తుప్పే మంచిది. పాత మేకులు, బైండింగ్ వైరు ముక్కలు ఉప్పునీళ్లతో తడిపి మూతలో వదిలేస్తే కొద్ది రోజుల్లో పొడి రాలుతుంది. గిన్నెలు తోమే మెరిసే స్టీలు పీచుతో చూడకండి, అది సాధారణంగా తుప్పు పట్టని ఉక్కు. గడ్డికి పసుపుపచ్చ కోసం వంటింటి పసుపు వాడాలనిపిస్తుంది, అదీ వద్దు, ఎండ తగిలితే నాలుగు రోజుల్లో తెల్లబోతుంది. టీ డికాషన్ దానికన్నా నయం.

మీ ఊళ్లో ఒక గూన ఇంటిని సంక్రాంతి తర్వాత పడగొడతారని మీ ఉత్తరంలో రాశారు. ముందుగా పిల్లల్ని తీసుకుని ఆ ఇంటికే వెళ్లండి. గూన పొడవు, రెండు చివరల వెడల్పు, ఒక గజంలో ఎన్ని నిలువు వరసలున్నాయి, చూరు గోడ దాటి ఎంత ముందుకొచ్చింది, నేల నుంచి చూరు ఎంత ఎత్తు, వెన్ను ఎంత ఎత్తు, ఇవన్నీ టేపుతో కొలిచి రాసుకోండి. చూరు కింద నిలబడి పైకి ఒక ఫొటో తీయండి, వాసాల మీద గూన ఎలా ఆనిందో అందులోనే తెలుస్తుంది. ఇంటివాళ్లను అడిగి నాలుగు గూనలు తెచ్చి తరగతిలో పెట్టుకోండి. మీ గూన జానెడు కన్నా పొట్టిదైతే నేను చెప్పిన 9 మి.మీ. లెక్క మారుతుంది. కొలతలు పంపితే వరసలు, గూనల సంఖ్య మళ్లీ లెక్కగట్టి చెబుతాను.